తొట్టెల, ఆవాల దిండు, అమెరికా క్రిబ్

కాన్పుకు సాయంగా అమ్మ హన్మకొండ నుంచి వచ్చింది. పాపను ఎట్లా పడుకోబెట్టాలన్న దగ్గర ఇంట్లో మాటా మాటా పెరిగింది. అమెరికాకు కొత్తగా వచ్చిన మన వరంగల్ పిల్లలు నన్ను ఎక్కువగా అడిగే సందేహం ఇదే. వెంటనే ఇంకో మాట కూడా అంటారు: "అక్కా, ఈ డాక్టర్లు పదేళ్లకోసారి మాట మారుస్తుంటే దేన్ని నమ్మాలి?"

మాట మారింది నిజమే. ఏ వైపు మారిందో చూడండి. ఒకప్పుడు ఇక్కడ కూడా పసిపిల్లల్ని బోర్లా పడుకోబెట్టమనే చెప్పేవాళ్లు. 1992లో ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, వెల్లకిలా గానీ, పక్కకు గానీ పడుకోబెట్టమంది. 1994లో, వెల్లకిలా పడుకోబెట్టమనే 'బ్యాక్ టు స్లీప్' ప్రచారం మొదలైంది. ఆ తర్వాతి ఏళ్లలో, కారణం తెలియకుండా పిల్లలు నిద్రలోనే పోవడం సగానికి పైగా తగ్గింది. పక్కకు పడుకోబెట్టిన బిడ్డ ఇట్టే బోర్లా పడిపోతుందని 2005లో అది కూడా వద్దన్నారు. 2011లో క్రిబ్ (చుట్టూ కమ్మీలుండే పసిపిల్లల మంచం) చుట్టూ కట్టే మెత్తటి బంపర్లు వద్దన్నారు, 2022లో చట్టం చేసి వాటిని నిషేధించారు. బంపర్ కథ తెలిస్తే మీ అనుమానం సగం తీరుతుంది. పాత క్రిబ్‌లకు కమ్మీల మధ్య సందు ఎక్కువ ఉండేది, బిడ్డ తల ఇరుక్కోకుండా ఆ మెత్త కట్టేవాళ్లు. సందు 2 3/8 అంగుళాలు దాటొద్దని 1970లలో రూల్ వచ్చాక దాని పని అయిపోయింది. అయినా అందానికి ఉండిపోయి, ముఖం ఆనించిన పిల్లలకు ఊపిరాడకుండా చేసింది. ఇన్నేళ్లలో క్రిబ్‌లోంచి ఒక్కో వస్తువూ బయటికే వచ్చింది. కాబట్టి టెన్షన్ పడకుండా అన్నిటికంటే కొత్త సలహానే పట్టుకోండి: గట్టి పరుపు, దానికి బిగుతుగా తొడిగే షీటు, వెల్లకిలా బిడ్డ. ఏడాది నిండేదాకా ఇంకేమీ వద్దు.

ఇక అమ్మల భయం. "వెల్లకిల పండవెడితే పాలు కక్కి గొంతుల పడ్తయి బిడ్డా" అంటారు. ప్రేమతో అనే మాట, తీసిపారేయొద్దు, విడమరిచి చెప్పండి. బిడ్డ వెల్లకిలా ఉన్నప్పుడు ఊపిరి గొట్టం పైన, అన్నం గొట్టం కింద ఉంటాయి. కక్కిన పాలు ఊపిరి గొట్టంలోకి పోవాలంటే పైకి ఎక్కాలి. బోర్లా ఉన్నప్పుడే అవి సులువుగా జారతాయి. మీరు చెబితే నమ్మరనుకుంటే, పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు అమ్మను కూడా తీసుకెళ్లి ఆయనతోనే చెప్పించండి.

అమ్మ పెట్టె తెరిస్తే ఆవాల దిండు, పాత నూలు చీరలతో కుట్టిన బొంత, కొత్తవాడ జంపఖానా బయటికి వస్తాయి. దిండు తల గుండ్రంగా రావడానికి. ఆ పని దిండు లేకుండానే అవుతుంది: పగలు మెలకువగా ఉన్నప్పుడు జంపఖానా మీద బొంత పరిచి, అమ్మను పక్కనే కూర్చోబెట్టి బిడ్డను కాసేపు బోర్లా వేయండి. తల వెనక ఒత్తిడి తగ్గుతుంది, మెడ గట్టిపడుతుంది. అమ్మ తెచ్చిన బొంతకూ విలువ దక్కుతుంది. నిద్రపోతే మాత్రం క్రిబ్‌లోకి మార్చండి.

ఇరవై ఒకటో రోజు తొట్టెల ఫంక్షన్ తప్పకుండా చేసుకోండి. నలుగురూ చుట్టూ ఉండగా తొట్టెలలో వేసి పాట పాడితే ఏ భయమూ లేదు. రాత్రి నిద్ర మాత్రం అందులో వద్దు. చీర తొట్టెలలో ఒళ్లు వంగి గడ్డం ఛాతీకి ఆనుతుంది, పసిగొంతులో గాలి దారి ఇరుకవుతుంది. పది డిగ్రీలకంటే ఎక్కువ వాలు ఉండే పసిపిల్లల పడకల్ని ఇక్కడ 2022 చట్టం బంపర్లతో పాటే నిషేధించింది. కారు సీటులో నిద్రపోయిన బిడ్డను కూడా ఇంటికి రాగానే తీసి చదునుగా పడుకోబెట్టండి.

వరంగల్ ఎండల నుంచి వచ్చిన అమ్మకు ఇక్కడి ఇల్లు చల్లగా అనిపిస్తుంది, బిడ్డకు టోపీ, దుప్పటి అంటుంది. ఇంట్లో నిద్రప్పుడు టోపీ వద్దు. దుప్పటి బదులు స్లీప్ సాక్ (సంచిలా ఒంటికి తొడిగే బట్ట) తొడగండి, బరువులు కుట్టినవి కొనొద్దు. చేతులు చల్లగా ఉన్నాయని కంగారు పడకుండా ఛాతీ మీద చెయ్యి పెట్టి చూడండి. అక్కడ వెచ్చగా ఉంటే చాలు, చెమట పడితే ఒక బట్ట తగ్గించండి.

పాత క్రిబ్ ఎవరైనా ఊరికే ఇస్తామంటే ఏ ఏడాదిదో అడగండి. ఒక పక్క కిందికి జారే రకాన్ని 2011 జూన్‌లో నిషేధించారు, అలాంటిది తీసుకోవద్దు.

అన్నిటికంటే నాకు భయం వేసేది సోఫా. రాత్రి మూడింటికి పాలిస్తూ బాలింత అక్కడే ఒరిగి నిద్రపోతుంది, బిడ్డ దిండ్ల సందులోకి జారుతుంది. కనీసం మొదటి ఆరు నెలలు బిడ్డ మీ గదిలోనే, తన క్రిబ్‌లో ఉండాలి. కళ్లు మూతలు పడుతుంటే సోఫా జోలికి పోకుండా, దిండ్లు, దుప్పట్లు తీసేసిన మంచం మీద పాలివ్వండి, మెలకువ రాగానే క్రిబ్‌లోకి మార్చండి. తమ్ముడూ, ఆ పూట నువ్వు కూడా లేచి కూర్చో. పాలు తాగడం కాగానే బిడ్డను తీసుకొని క్రిబ్‌లో వెయ్యడం నీ పని.