పై గదిలో పొగ వాసన: చిమ్నీకి లైనర్ వేయించాలా?

బెంగళూరు కాక్స్ టౌన్‌లోని పాత ఇంట్లో కింద ఫైర్‌ప్లేస్ వెలిగిస్తే పై గదిలో పొగ వాసన వస్తోందని, చిమ్నీకి లైనర్ (పొగ గోడలోకి కారకుండా లోపల వేసే గొట్టం) వేయించాలా అని అడిగారు. చిమ్నీ లోపల ఇటుకల మధ్య సున్నం రాలిపోయి ఉంటుందండీ, అంత పాత ఇల్లంటున్నారు కాబట్టి అసలు లైనరే లేకపోవచ్చు.

1. ముందు మసి దులిపించండి, పావురాల గూడుంటే తీయించండి. పొగ కింద హాల్లోకే తన్నుతుంటే అది చాలాసార్లు అడ్డు వల్లే, లైనర్ సంగతి తర్వాత.

2. అందరూ వదిలేసేది స్మోక్ టెస్ట్. కింద స్మోక్ పెల్లెట్ (వెలిగిస్తే దట్టంగా పొగ వచ్చే బిళ్ల) వెలిగించి, పొగ పైకొచ్చాక చిమ్నీ మూతి మూసేసి, ఫైర్‌ప్లేస్‌కి అట్ట అడ్డం పెట్టి, ఒకరు పై గదిలో, అటక మీద టార్చ్ వేసి గోడ వెంబడే చూడాలి, ముఖ్యంగా చెక్క దూలం గోడలోకి దూరే చోట. కిటికీలు తెరిచే ఉంచండి.

3. అక్కడ సన్నగా పొగ వచ్చినా లైనింగ్ చేయించాల్సిందే, కట్టెలకైతే స్టెయిన్‌లెస్ స్టీల్‌ది. బయట సిమెంట్ పూస్తే చాలన్న మేస్త్రి మాట వినకండి.

అప్పటిదాకా మంట పెట్టొద్దు, పైన పిల్లలు పడుకుంటారన్నారు, పొగతో వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు.