సుప్రా 382, నిస్సాన్ జెడ్ 400, మస్టాంగ్ జీటీ 480: ట్యూన్ చేయడానికి ఏది తీసుకోవాలి?

మీరు అడిగింది ఏంటంటే, టయోటా జీఆర్ సుప్రా 382 హెచ్‌పీ (హార్స్‌పవర్), నిస్సాన్ జెడ్ 400, ఫోర్డ్ మస్టాంగ్ జీటీ 480 కదా, మరి ట్యూన్ చేశాక (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచాక) కూడా మస్టాంగే ముందుంటుందా, చక్రాల దగ్గర 500 రావాలంటే దేనికి తక్కువ తంటా, పైగా రోజూ నడుపుకునేలా ఉండాలి అని. నా దగ్గర 2021 సుప్రా ఉంది, ట్యూన్ చేయించి వాడుతున్నా. ట్రాక్ డేలకి నాతోపాటు వచ్చే ఫ్రెండ్‌ది జెడ్, ఇంకొకడిది మస్టాంగ్, ఒకళ్ళ కారు ఒకళ్ళం నడుపుతూనే ఉంటాం. మీరు చెప్పిన అవసరానికైతే నేను సుప్రానే అంటా, కానీ కారణం బ్రోచర్‌లో ఉండదు.

ముందు ఆ 382కీ 400కీ ఉన్న తేడా సంగతి. 18 హెచ్‌పీ గురించి కొట్టుకోవడమంటే కోడిగుడ్డు మీద ఈకలు పీకడమే. సుప్రా బరువు దాదాపు 1540 కిలోలు, జెడ్ 1600 పైన, టన్నుకి ఎంత అని లెక్కేస్తే రెండిటికీ 250కి కాస్త అటూ ఇటుగా వస్తుంది, అంటే ఆ 18 హెచ్‌పీ బరువులోనే కలిసిపోయింది. మస్టాంగ్ 1740 కిలోల దగ్గర ఉన్నా 276 దాకా వస్తుంది, కాబట్టి షోరూమ్‌లోంచి తెచ్చినట్టే వాడేవాడికి మస్టాంగ్ నిజంగానే ముందుంటుంది, అందులో వాదన లేదు.

ఇంకోటి, హెచ్‌పీ అనేది విడిగా పుట్టేది కాదు, టార్క్‌ని (ఇంజన్ తిప్పే బలం) ఆర్‌పీఎంతో (నిమిషానికి తిరిగే చుట్లు) హెచ్చవేస్తే వచ్చేదే. న్యూటన్ మీటర్లలో టార్క్ తీసుకుని ఆర్‌పీఎంతో గుణించి 7121తో భాగించండి, హెచ్‌పీ వస్తుంది. సుప్రాకి 500 న్యూటన్ మీటర్లు 1800 ఆర్‌పీఎం నుంచే వచ్చేస్తాయి, జెడ్‌కి 475, అదీ 1600 నుంచే. ఆ లెక్కన 3000 ఆర్‌పీఎం దగ్గర సుప్రా 210 ఇస్తుంటే జెడ్ 200 ఇస్తుంది, అంటే బ్రోచర్‌లో తక్కువ ఉన్న కారు మామూలు డ్రైవింగ్‌లో ఎక్కువ ఇస్తోందన్నమాట. మస్టాంగ్‌కి పీక్ పవర్ 7000 దాటాక గానీ రాదు, టర్బో (ఎగ్జాస్ట్ పొగతో తిరుగుతూ గాలిని లోపలికి తోసే ఫ్యాన్) లేదు కాబట్టి పైకి వెళ్ళేకొద్దీ పాడుతుంది, ఆ సౌండ్ ముందు మా రెండు కార్లూ దిగదుడుపే, ఒప్పుకోవాల్సిందే. కానీ మీరడిగింది సౌండ్ గురించి కాదు కదా.

కంపెనీ చెప్పే నంబర్ క్రాంక్ దగ్గరది, అంటే ఇంజన్ నుంచి నేరుగా వచ్చేది, డైనో (కారుని రోలర్ల మీద ఎక్కించి పవర్ కొలిచే మెషిన్) చూపించేది చక్రాల దగ్గరది, మధ్యలో గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ కలిసి మామూలుగా ఒక 15 శాతం తినేస్తాయని లెక్కేసుకుంటారు. అలా అయితే 400 హెచ్‌పీ కారు చక్రాల దగ్గర 340 చూపించాలి. కానీ 2019లో సుప్రా మొదట వచ్చినప్పుడు కంపెనీ చెప్పింది 335 హెచ్‌పీ, తీరా డైనో ఎక్కిస్తే చక్రాల దగ్గరే దాదాపు అంత వచ్చింది, అంటే కంపెనీ తక్కువ చెప్పిందని అందరికీ అర్థమైపోయింది. కంపెనీలకి ఇది కొత్తేం కాదు. జపాన్‌లో 1989 నుంచి 2004 దాకా కార్ల కంపెనీలు తమలో తాము ఒప్పందం పెట్టుకుని ఏ కారుకీ 280 పీఎస్ (హెచ్‌పీకి దాదాపు సమానమైన కొలత) మించి చెప్పేవి కావు, స్కైలైన్ జీటీ-ఆర్ అయినా పాత సుప్రా అయినా కాగితం మీద అదే 280, లోపల ఉన్నది వేరు. జపాన్‌లో 280 పీఎస్ అన్న అదే సుప్రాని అమెరికాలో 320 హెచ్‌పీ అని అమ్మారు, టర్బోల్లాంటి చిన్న చిన్న తేడాలు ఉన్నా ఇంజన్ మాత్రం అదే 2జేజెడ్. కాబట్టి బ్రోచర్ నంబర్ చూసి ట్యూనింగ్ కారు ఎంచుకోవద్దు.

ఇక అసలు విషయం. ఎంత చెట్టుకి అంత గాలి అంటారే, ఇంజన్ల విషయంలో అది అక్షరాలా నిజం, ఎంత గాలి లోపలికి తోయగలిగితే, దానికి సరిపడా ఎంత ఫ్యూయెల్ ఇవ్వగలిగితే అంత పవర్. టర్బో ఇంజన్‌లో కంపెనీ బూస్ట్‌ని (టర్బో లోపలికి తోసే గాలి ఒత్తిడి) కావాలనే తక్కువలో పెడుతుంది, వారంటీ ఉండాలి, చెత్త పెట్రోల్ పోసినా బతకాలి, ఎండల్లో నడవాలి. ఆ వదిలేసిన ఖాళీనే ట్యూనర్ వాడుకుంటాడు. మస్టాంగ్‌లో అలాంటి ఖాళీ పెద్దగా లేదు, 5.0 కొయోటీ ఇంజన్ కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని ఎన్ని రెట్లు నొక్కుతుందో చెప్పే లెక్క) ఇప్పటికే 12:1, దాని సామర్థ్యం చాలావరకు ఫోర్డే పిండేసింది, ఉత్త ట్యూన్‌తో వచ్చేది చాలా కొంచెం. మస్టాంగ్‌కి పవర్ కావాలంటే సూపర్‌చార్జర్ (ఇంజన్‌తోనే తిరుగుతూ గాలిని లోపలికి తోసేది) కిట్ బిగించాలి, బిగిస్తే మాత్రం 700 దాటిపోతుంది, మా ఇద్దరినీ అద్దంలో చుక్కల్లా చేసేస్తుంది. కాకపోతే అది ఒక్క కిట్‌తో అయిపోదు, ఆయిల్ పంప్ గేర్లు మార్చాలి, ఎందుకంటే అంత పవర్‌తో మాటిమాటికీ రెవ్ లిమిటర్ (ఆర్‌పీఎం హద్దు దాటకుండా ఆపేది) తగిలిస్తే స్టాక్ గేర్లు పగిలే ప్రమాదం ఉందని మస్టాంగ్ వాళ్ళందరికీ తెలుసు, ఆ తర్వాత క్లచ్, కూలింగ్, టైర్లు, అలా పోతూనే ఉంటుంది.

సుప్రా, జెడ్ రెండూ 3 లీటర్ల టర్బో ఇంజన్లే అయినా లోపల వేరు వేరు. సుప్రాలో ఉన్నది బీఎమ్‌డబ్ల్యూ బి58, వరసగా ఆరు సిలిండర్లు, ఒకటే ట్విన్ స్క్రోల్ టర్బో (పొగ రెండు దారుల్లో వచ్చి తిప్పేది), క్లోజ్డ్ డెక్ బ్లాక్ (సిలిండర్ల చుట్టూ పైభాగం మూసి ఉండే గట్టి బ్లాక్), గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఇంటేక్ మానిఫోల్డ్‌లోనే ఉంటుంది. జెడ్‌లో వీఆర్30, వి6, అటొకటి ఇటొకటి రెండు చిన్న టర్బోలు, 2016 నుంచి నిస్సాన్ లగ్జరీ బ్రాండ్ ఇన్ఫినిటీ కార్లలో వచ్చినదే. సరదాకి ఒకటి చెప్తా, ఆ వీఆర్30 బోర్ (సిలిండర్ వెడల్పు), స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) రెండూ 86 మిల్లీమీటర్లే, పాత సుప్రాలో ఉన్న 2జేజెడ్‌వి కూడా సరిగ్గా అవే కొలతలు, అంటే కొలతల వరకు చూస్తే పాత సుప్రా వారసుడు నిస్సాన్ దగ్గర ఉన్నాడు!

జెడ్ ట్యూనింగ్‌కి పనికిరాదని కాదు, బాగానే లాగుతుంది. కానీ రెండు టర్బోలంటే ఏది మార్చినా రెండేసి మార్చాలి, రెండు డౌన్‌పైపులు (టర్బో నుంచి పొగని బయటికి తీసుకెళ్ళే గొట్టాలు), రెండు ఇంటేకులు (గాలి లోపలికి వచ్చే దారులు), వి6 కాబట్టి చెయ్యి పట్టే చోటు కూడా తక్కువ. సుప్రాలో టర్బో, ఎగ్జాస్ట్ ఒకపక్కే, ఒక డౌన్‌పైప్, అయిపోయింది. పైగా అదే బి58ని బీఎమ్‌డబ్ల్యూ బోలెడు మోడళ్ళలో వేసింది కాబట్టి పార్టులు, ట్యూనర్లు, నాలాంటి వాళ్ళ అనుభవాలు ఎక్కువ దొరుకుతాయి, ఇది కాగితం మీద కనపడని లాభం.

సుప్రాతో ఒక చిక్కు ముందే తెలుసుకోండి. 2020 మధ్య నుంచి తయారైన కార్లలో ఈసీయూకి (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) లాక్ వేశారు, మామూలు కార్లలా కేబుల్ పెట్టి ట్యూన్ ఎక్కించేద్దామంటే కుదరదు. నాదీ అలాంటిదే, ఈసీయూ ఊడదీసి అన్‌లాక్ చేసేవాళ్ళకి పార్సిల్ పంపి, అది తిరిగొచ్చేదాకా కారు కదలకుండా పడి ఉంది. సెకండ్ హ్యాండ్ తీసుకుంటుంటే తయారైన నెల తప్పకుండా చూడండి, 335 హెచ్‌పీ పాత మోడల్ అయితే ఈ గొడవ లేదు, కానీ 2021 నుంచి వచ్చిన 382 మోడల్‌లో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, పిస్టన్లు కొత్తవి, నేనైతే లాక్ బాధ పడైనా కొత్తదే తీసుకుంటా.

ట్యూన్ ఎక్కించాక అసలు పని లాగుల్లో, అంటే నడుపుతుండగా ఈసీయూ నుంచి రికార్డు చేసిన డేటాలో ఉంటుంది. ట్రాక్ మీద నాలుగో గేర్‌లో 2500 ఆర్‌పీఎం నుంచి రెడ్‌లైన్ (గరిష్ట ఆర్‌పీఎం) దాకా ఫుల్ యాక్సిలరేటర్‌తో ఒక పుల్ లాగి, ఆ లాగ్ ట్యూనర్‌కి పంపిస్తే వాడు ప్రతి సిలిండర్ టైమింగ్ (స్పార్క్ ఎప్పుడు పడుతోందో) విడివిడిగా చూస్తాడు. మొదట్లో నా లాగ్‌లో ఒక్క సిలిండర్‌లో మాత్రం ఈసీయూ టైమింగ్‌ని మూడు డిగ్రీలు వెనక్కి లాగేస్తోంది, అంటే అక్కడ నాక్ (ఫ్యూయెల్ సమయం కాకుండా తనంతట తానే పేలడం) వాసన తగిలిందన్నమాట, బండి నడుపుతుంటే ఏమీ తెలియదు, హాయిగానే దూసుకుపోతుంది, లాగ్‌లోనే కనపడుతుంది. ట్యాంక్‌లో కాస్త ఇథనాల్ కలపగానే ఆ మూడు డిగ్రీలూ సున్నా అయ్యాయి. ఇథనాల్‌కి ఆక్టేన్ ఎక్కువ, లోపల చల్లబరుస్తుంది కూడా, కానీ ఇ85 (85 శాతం దాకా ఇథనాల్ ఉండే ఫ్యూయెల్) లాంటి దానికి పెట్రోల్ కంటే మూడో వంతు దాకా ఎక్కువ ఫ్యూయెల్ పోయాలి, అందుకే హై ప్రెషర్ ఫ్యూయెల్ పంప్ ముందు చేతులెత్తేస్తుంది. కాబట్టి పంప్ మార్చకుండా ఉండాలంటే ట్యాంక్‌లో 30 శాతం ఇథనాల్ ఉండేలా కలిపి ఆపేయడం తెలివైన పని. ఇంకోటి, బూస్ట్ పెంచాక పైన రెవ్స్‌లో బండి దగ్గినట్టు అనిపిస్తే కంగారుపడి టర్బో విప్పొద్దు, స్పార్క్ ప్లగ్ గ్యాప్ చూడండి, లోపల ఒత్తిడి పెరిగాక అదే గ్యాప్‌లో స్పార్క్ దూకలేక ఆరిపోతుంది, నాకు గ్యాప్ కాస్త తగ్గించిన ప్లగ్‌లు వేయగానే పోయింది.

మీ 500 టార్గెట్ సంగతికొస్తే, సుప్రాలో ఉత్త ట్యూన్‌తోనే చక్రాల దగ్గర 400 దాటడం మామూలే, డౌన్‌పైప్, ఇథనాల్ మిక్స్ కలిస్తే స్టాక్ టర్బో మీదే 500 అంచుదాకా వెళ్తుంది, ఖచ్చితంగా దాటాలంటే పెద్ద టర్బో తప్పదు. నా మాట వింటే 450 దగ్గర ఆగండి, అక్కడే కారు రోజూ వాడుకోవడానికి హాయిగా ఉంటుంది. 500 అన్నది డైనో షీట్ మీద బాగుంటుంది గానీ వరసగా నాలుగు ల్యాపులు తిప్పేసరికి ఇంటేక్ గాలి వేడెక్కి ఈసీయూయే పవర్ కోసేస్తుంది, అప్పుడు మీరు 450 వాడి వెనకే ఉంటారు. డైనో షీట్‌లని కూడా గుడ్డిగా నమ్మొద్దు, ఒక షాపులో నా కారుకే వచ్చిన నంబర్ చూసి నాకే నవ్వొచ్చింది, కరెక్షన్ ఫ్యాక్టర్ (వాతావరణాన్ని బట్టి నంబర్‌ని సరిచేసే లెక్క) మారిస్తే ఎంత కావాలంటే అంత చూపించొచ్చు. ట్యూన్‌కి ముందు, తర్వాత ఒకే మెషిన్ మీద ఎక్కించి తేడా మాత్రమే చూసుకోండి.

డౌన్‌పైప్‌లో క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగని శుద్ధి చేసేది) తీసేస్తే చాలా దేశాల్లో రోడ్డు మీద నడపడం చట్టవిరుద్ధం, హై ఫ్లో క్యాట్ ఉన్నదే తీసుకున్నా పొగ పరీక్ష పాస్ అవుతుందో లేదో ముందు కనుక్కోండి. ఇంజన్ వారంటీ మీద ఆశ వదులుకోండి, ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పండి.

ఆటోమేటిక్ తీసుకోవాలా మాన్యువలా అని కూడా అడిగారు కదా, ట్యూన్ చేసే ఉద్దేశమే ఉంటే సుప్రాలో ఆటోమేటిక్ తీసుకోండి. ఆ జెడ్‌ఎఫ్ 8 స్పీడ్ బాక్స్ టార్క్‌ని బాగా తట్టుకుంటుంది, దాన్ని కూడా ట్యూన్ చేయొచ్చు, మాన్యువల్‌లో అయితే టార్క్ ఒక్కసారిగా వచ్చి పడేసరికి ముందు క్లచ్ జారడం మొదలవుతుంది. మాన్యువలే ముద్దు అనుకుంటే మాత్రం సరే, కొత్త క్లచ్ ఖర్చు ఇప్పుడే లెక్కలో వేసుకోండి, ట్యూన్ ఎక్కించేది ఆ తర్వాతే.