రెండు చుట్లకే కూసున్న నా బిడ్డకు

హన్మకొండ

బిడ్డా,

పోయిన సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట కాడ రెండు చుట్లు తిరిగి, "నాతోని కాదు పెద్దమ్మా" అని పక్కకు పోయి కూసున్నవ్. నీ ముంగట మా ఈడు ఆడోళ్లు వంగి వంగి చప్పట్లు కొడుతున్నరు. నీకు ముప్పై నాలుగు. లేపుదామని చెయ్యి పట్టుకుంటే గోర్లు తెల్లగ పాలిపోయి ఉన్నయ్. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే.

మొన్న ఫోన్ల "ఇద్దరు పిల్లలు పుట్టినంక ఇంతే గదా, ముసలిదాన్నైపోయిన" అన్నవ్. అందుకే కూసొని రాస్తున్న. ఏఎన్ఎమ్‌గ, అంటే సర్కారు దవాఖాన నర్సమ్మగ ముప్పై ఏండ్లు ఊర్లు తిరిగినదాన్ని, ఈ మాట ఎంతమంది తల్లుల నోట విన్ననో లెక్క లేదు. అది ముసలితనం కాదు బిడ్డా. చాన మందిల అది రక్తం తక్కువై వచ్చే అలసట. ఒక చుక్క రక్తం తీస్తే తేలిపోతది, తిండితోని, గోలీలతోని పోతది. దానికి తల్లితనం అని పేరు పెట్టుకొని మోసుడే మనం చేసే తప్పు.

నా సంగతి నీకెప్పుడూ చెప్పలే. 1998ల నా చిన్నోడు రెండో తరగతి. పొద్దంత సంచి భుజానికేసుకొని పరకాల, ఆత్మకూరు దిక్కు ఊర్లల్ల ఐరన్ గోలీలు పంచేదాన్ని, నేను మాత్రం ఒక్కటి మింగలే. నాలుగు మెట్లెక్కితే దమ్ము, కూసుంటే కునుకు, పిల్లలు జర అల్లరి చేస్తే ఏడుపు. బియ్యం చెరుగుకుంట గుప్పెడు గుప్పెడు నోట్లేసుకునేదాన్ని. పచ్చి బియ్యం, సుద్ద తినబుద్ధైతే అది రక్తహీనత గుర్తు కావచ్చని ఇంటింటికీ చెప్పింది నేనే, నా నోరు నేను చూసుకోలే. ఒకనాడు మా డాక్టరమ్మ నా కింది కనురెప్ప గుంజి చూసి పరీక్ష రాసింది. హిమోగ్లోబిన్ ఏడున్నర. కడుపుతోని లేని ఆడదానికి పన్నెండు గ్రాములకు తగ్గొద్దు. అయిదారు నెలలు మందు తిన్నంక నాకు తెలిసొచ్చింది, అంతకుముందు నేను కోపదారి మనిషిని కానని, ఊపిరి అందని మనిషినని.

నువ్వొక్కదానివే అనుకోకు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల మన తెలంగాణల 15 నుంచి 49 యేండ్ల ఆడోళ్లల్ల నూటికి 57 మందికి పైగ రక్తం తక్కువున్నట్టు తేలింది. మీ స్కూల్ స్టాఫ్ రూంల పదిమంది టీచరమ్మలు కూసుంటే అందుల అయిదారుగురు నీలాంటోళ్లే.

ఇగ నీ తిండి గురించి. మీ ఇంట్ల నాలుగు దినాలున్నప్పుడు కండ్లార చూసిన. పొద్దుగాల చాయ్ తాగుకుంట టిఫిన్ డబ్బాలు కడతవ్, నిలబడి సగం ఇడ్లీ మింగి బస్సెక్కుతవ్. మాపటికి అల్లునికి, మీ అత్తమ్మకు, పిల్లలకు పెట్టి, చిన్నదాని పళ్లెంల మిగిలిన బువ్వల ఇంత పచ్చిపులుసు పోసుకొని తింటవ్. కూర గిన్నె అడుగున ఆకు లేదు, ముక్క లేదు. ఇది మీ అమ్మ చేసింది, నేను చేసిన, మా అమ్మ చేసింది. నీ దగ్గర ఆగాలె. రేపటి నుంచి అందరి పళ్లాలతోపాటే నీ పళ్లెం పెట్టు, అందరితోని కూసొని తిను. మొదటి వారం ఇంట్ల వింతగ చూస్తరు, తర్వాత అలవాటైతది. వడ్డించుడు ఎవరికి వాళ్లు చేసుకోవచ్చు. మీ అత్తమ్మకు నేనే ఫోన్ చేసి చెప్త, ఆమె మంచి మనిషి, ఎవరూ చెప్పక అట్ల నడుస్తుందంతే.

పళ్లెంల ఏముండాలంటే, మన దగ్గర దొరకనిది ఏదీ లేదు. తోటకూర, గంగవాయిలి కూర, మునగాకు పప్పుల వేసుకో. ఆకుల ఇనుము ఒంటికి తొందరగ పట్టదు, అందుకే నిమ్మకాయ పిండుకొనో, ఉసిరికాయ నంజుకొనో తినాలె. మాంసం ఇనుము మంచిగ పడతది. కార్జం (లివర్) తెచ్చిననాడు అది "పిల్లలకు బలం" అని మొత్తం వాళ్లకే పెట్టకు, నీ వంతు నువ్వు తిను. తైదలల్ల (రాగులల్ల) కాల్షియం చాన ఎక్కువ, వంద గ్రాములల్ల 340 మిల్లీగ్రాముల దాక ఉంటది. ఎండకాలం అంబలి చేసుకొని సల్ల కలుపుకొని తాగు. బతుకమ్మకు చేసే నువ్వుల సద్దులు, పల్లీల సద్దులు యేడాదికొక్కనాడే ఎందుకు? నువ్వులు, పల్లీలు బెల్లంతోని దంచి ముద్దలు చేసి డబ్బల పెట్టుకో, స్కూల్ల నాలుగ్గొట్టంగ ఆకలైతే బిస్కెట్ పుడకు బదులు అదొకటి తిను.

ఒక్క అలవాటు మాత్రం గట్టిగ మానాలె, తిన్న వెంటనే చాయ్. చాయ్‌ల ఉండే గుణం ఇనుమును ఒంటికి పట్టనియ్యది. బువ్వకు, చాయ్‌కి నడుమ గంటన్నర ఎడం పెట్టు. ఐరన్ గోలీ పాలతోని, కాల్షియం గోలీతోని కలిపి మింగకు. రాత్రి బువ్వ తిన్నంక నిమ్మరసంతోని మింగితే కడుపుల తిప్పుడు తక్కువుంటది. విరేచనం నల్లగ వస్తది, భయపడొద్దు. నెల రోజులకే ఒంట్ల బలమొచ్చినట్టైతది, అప్పుడే అందరూ ఆపేస్తరు. రక్తం సరైనంక గూడ డాక్టర్ చెప్పినన్ని నెలలు మింగాలె, లోపలి నిల్వ నిండాలె గద.

ఇప్పుడు నువ్వు మీ అమ్మతోని చెప్పి, నాతోని చెప్పనిది. నెలసరి ఎనిమిది తొమ్మిది దినాలు ఆగుత లేదని, పక్కింటామె "పిల్లలైపోయిన్రు, సంచి తీపిచ్చుకుంటే పీడ పోతది" అన్నదని మీ అమ్మ చెప్పింది. బిడ్డా, తొందరపడకు. ఈ గర్భసంచి ఆపరేషన్లు దేశం మొత్తంల మన రెండు తెలుగు రాష్ట్రాలల్లనే ఎక్కువ. నేను తిరిగిన ఊర్లల్ల ముప్పై అయిదేండ్లకే తీపిచ్చుకున్నోళ్లను చూసిన. "సంచితోని ఇంకేం పని" అన్న ఒక్క మాట మీద పోయినోళ్లే చాన మంది. కొందరికి అండాశయాలు గూడ తీసేసిన్రు. అవి పోతే ఆ దినం నుంచే ముట్లుడిగిన ఒళ్లైతది, ఆవిర్లు, నిద్ర లేకపోవుడు, ఎముకలు తొందరగ గుల్లబారుడు. నలభైకే నడుము పట్టుకొని నాట్లేసే కూలికి పోలేక ఏడ్చినోళ్లు నా కండ్ల ముందట ఉన్నరు. క్యాన్సరైనా, మందులకు లొంగని పెద్ద గడ్డలైనా ఆపరేషన్ చేయాల్సిందే, దాన్ని నేను కాదనను. కని ముందు ఎందుకు అంత రక్తం పోతుందో తేలాలె. థైరాయిడ్ పరీక్ష, స్కానింగ్ చేపిచ్చుకో. చాన మందికి గోలీలతోని తగ్గుతది, గర్భసంచిల హార్మోన్ లూప్ వేసినా తగ్గుతది. ఎవరన్న తీసేద్దామంటే "ఎందుకు, వేరే దారి ఏముంది, అండాశయాలు ఉంచుతరా" అని అడుగు, ఇంకో లేడీ డాక్టర్‌కు గూడ రిపోర్టులు చూపెట్టు. అడుగుడు తప్పు కాదు.

ఇంకొకటి ఎవరూ బయటికి చెప్పరు. దగ్గినా, తుమ్మినా, నవ్వినా మూత్రం చుక్క పడుడు. బతుకమ్మ కాడ నువ్వు కూసునేదానికి అది గూడ ఒక కారణమేమో అని నాకు అనుమానం. కాన్పులల్ల కింది కండరాలు సాగుతయ్, వాటికి గూడ కసరత్తు ఉన్నది. మూత్రం ఆపుకునేటప్పుడు ఎట్ల బిగపడతమో అట్ల లోపలికి బిగబట్టి అయిదు లెక్కబెట్టు, వదిలేసి ఇంకో అయిదు లెక్కబెట్టు. ఇట్ల పదిసార్లు, రోజుకు మూడు పూటలు. ఊపిరి బిగబట్టొద్దు. మూత్రం పోసేటప్పుడు మాత్రం ఈ సాధన చేయొద్దు. పాలు పొంగేదాక పొయ్యి కాడ నిలబడి చేయొచ్చు, బస్సుల కూసొని చేయొచ్చు, ఎవరికీ తెల్వది. మూడు నెలలు విడవకుండ చేస్తే ఫలితం కనబడతది. అప్పటికీ తగ్గకపోతే సిగ్గుపడకుండ డాక్టర్‌కు చెప్పు.

నడక. వడ్డేపల్లి చెరువు కట్ట మీకు పది నిమిషాల దూరం. వారానికి 150 నిమిషాలు చురుకుగ నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. నీకు గంట ఒక్కసారి దొరకదు నాకు ఎరుకే, పది పది నిమిషాలుగ ముక్కలు చేసుకో. నడుస్తుంటే మాట్లాడగలగాలె, ఉయ్యాల పాట పాడబోతే దమ్ము సరిపోవద్దు, అదే సరైన వేగం. ముందు రక్తం చూపిచ్చుకొని మొదలుపెట్టు. ముప్పై దాటినంక కండ మెల్లగ తగ్గుతుంటది, కాబట్టి వారంల రెండు దినాలు చేతులు ఆనించకుండ కుర్చీల నుంచి పదిసార్లు లేచి కూసో, గోడకు చేతులు పెట్టి నెట్టు. ఇంటి పని చేస్తున్న గదా అంటవేమో, ఒంగి ఊడ్చుడు నడుమును అరగదీస్తది, తొడలకు బలమియ్యది.

మొఖానికి రాసుకునే ఆ తెల్ల ట్యూబు పారెయ్యి. డాక్టర్ రాయకుండ అమ్మే చాన క్రీములల్ల స్టెరాయిడ్ ఉంటది. మొదట మెరుపొస్తది, తర్వాత తోలు పల్చనై ఎర్రగైతది, వెంట్రుకలొస్తయ్.

పిల్లలు పండుకున్నంక పదకొండు దాక ఫోన్ చూసుడు నీకున్న ఒకే ఒక్క ఖాళీ సమయమని చెప్పినవ్, ఆ మాట నా గుండెల గుచ్చుకున్నది. ఆ ఖాళీ నీకు సాయంత్రం దొరకాలె. అల్లుడు రైల్వే డ్యూటీ లేని దినాలల్ల పిల్లల చదువు, పడుకోబెట్టుడు ఆయన చూసుకోవాలె, ఈ ఉత్తరం ఆయనకు గూడ చూపెట్టు. రక్తం సరైనంక గూడ ఊకెనే ఏడుపొస్తుంటే దాచుకోకు. టెలీ మానస్ అని 14416 నంబర్ ఉన్నది, పైసలు లేకుండ తెలుగుల మాట్లాడుతరు.

ముప్పై దాటినోళ్లకు బీపీ, షుగర్ చూసుడు సర్కారు దవాఖానల్ల ఉన్నదే. 2023 మార్చి 8న కరీంనగర్‌ల "ఆరోగ్య మహిళ" మొదలుపెట్టి మంగళవారాలు ఆడోళ్లకే పరీక్షలు పెట్టిన్రు, అప్పుడు మా గల్లీ నుంచి నేనే ఆరుగురిని తోల్కపోయిన. నిన్ను గూడ అట్లనే తోల్కపోత. వచ్చే మంగళవారం స్కూల్‌కు సెలవు పెట్టు. నేను ఏడింటికల్ల మీ ఇంట్ల ఉంట. షుగర్ పరీక్ష ఉంటది, పరిగడుపున ఉండు, నీళ్లు తాగొచ్చు. నెలసరి తారీఖులు ఒక కాగితం మీద రాసిపెట్టు. పిల్లలను తయారు చేసుడు, డబ్బాలు కట్టుడు మీ పెద్దబాపు చూసుకుంటడు, నాతోనే వస్తుండు. పరీక్షలైనంక తినేటందుకు తోటకూర పప్పు, జొన్న రొట్టె నేనే కట్టుకొస్త.

నీ పెద్దమ్మ