కనిపించే కాంతిని రేడియో తరంగంగా మార్చవచ్చా?

కాంతీ రేడియో తరంగమూ రెండూ విద్యుదయస్కాంత తరంగాలే కదా, ఒకదాన్ని రెండోదిగా మార్చలేమా అని అడిగారు. మార్చవచ్చు. ఎం.టెక్ ల్యాబ్‌లో నేను చేసి చూశాను.

ముందు రెండింటి ఫ్రీక్వెన్సీల (సెకనుకు ఎన్ని కంపనాలు) మధ్య దూరం ఎంతో చూడండి. హీలియం-నియాన్ లేజర్ ఎర్రకాంతి (633 నానోమీటర్లు) ఫ్రీక్వెన్సీ దాదాపు 4.74 లక్షల గిగాహెర్ట్జ్. 100 మెగాహెర్ట్జ్ ఎఫ్‌ఎం స్టేషన్‌కు దాదాపు 47 లక్షల రెట్లు. ఒక కాంతి పుంజాన్ని తీసుకుని అంత కిందికి దించే అద్దమో ఫిల్టరో లేదు. ఒక్క కాంతితో కుస్తీ పట్టకుండా రెండు కాంతుల తేడాను పట్టుకోవాలి.

తంబురా శృతి చేసేటప్పుడు రెండు తీగలు దాదాపు కలిసినా ఇంకా కాస్త తేడా ఉంటే ధ్వని పెరుగుతూ తగ్గుతూ వినిపిస్తుంది. ఇక్కడా అంతే. ఫ్రీక్వెన్సీలో కొద్ది తేడా ఉన్న రెండు కాంతులు ఒకేచోట పడితే, వెలుగు ఆ తేడా ఫ్రీక్వెన్సీతో హెచ్చుతగ్గులవుతుంది. ఫోటోడయోడ్ (వెలుగును కరెంటుగా మార్చే చిన్న పరికరం) కాంతి కంపనాన్ని అందుకోలేదు కానీ ఈ హెచ్చుతగ్గులను అందుకుంటుంది. దాని కరెంటే మీకు కావలసిన రేడియో సిగ్నల్. యాంటెన్నాకు ఇస్తే గాల్లోకి వెళ్తుంది.

దీనికి రెండు లేజర్లు కొనక్కర్లేదు. మామూలు హీలియం-నియాన్ ట్యూబ్‌లోనే రెండుమూడు ఫ్రీక్వెన్సీలు ఒకేసారి ఉంటాయి. ట్యూబ్ రెండు చివర్ల ఉండే అద్దాల మధ్య 30 సెంటీమీటర్లుంటే వాటి మధ్య తేడా సుమారు 500 మెగాహెర్ట్జ్. వేగంగా స్పందించే ఫోటోడయోడ్ పెట్టి స్పెక్ట్రమ్ ఎనలైజర్‌లో (సిగ్నల్‌లో ఏ ఫ్రీక్వెన్సీలు ఉన్నాయో తెర మీద చూపే పరికరంలో) చూస్తే అక్కడే సన్నటి స్పైక్ లేస్తుంది. ఒక కిటుకు: చాలా ట్యూబుల్లో పక్కపక్క మోడ్‌ల (అంటే ఆ ఫ్రీక్వెన్సీల) ధ్రువణాలు, అంటే కాంతి కంపించే దిశలు, ఒకదానికొకటి లంబంగా ఉంటాయి, అలా ఉంటే హెచ్చుతగ్గులు రావు. మధ్యలో పోలరాయిడ్‌ను (ఒక దిశలో కంపించే కాంతినే వదిలే ఫిల్టర్‌ను) 45 డిగ్రీలకు తిప్పి పెడితేనే స్పైక్ వస్తుంది. తిప్పుతూ ఉంటే అది లేవడం, పడిపోవడం తెర మీద కనిపిస్తుంది. ఇప్పటికీ నాకు అంత ఇష్టమైన ప్రయోగం ఇంకొకటి లేదు.

నాకు గొప్పగా అనిపించేది ఏంటంటే, లేజర్ పుట్టకముందే, 1955లో, ఫారెస్టర్, గుడ్మండ్సన్, జాన్సన్ అనే ముగ్గురు పాదరసం దీపపు ఆకుపచ్చ రేఖతో ఇది సాధించారు. అయస్కాంత క్షేత్రంతో ఆ రేఖను కొద్ది తేడా ఉన్న ఫ్రీక్వెన్సీలుగా చీల్చి, ఆ తేడా నుంచి 10 గిగాహెర్ట్జ్ దగ్గర మైక్రోవేవ్ సిగ్నల్ తీశారు. మామూలు దీపపు కాంతితో అది ఎంత కష్టమో ల్యాబ్‌లో పనిచేసినవాళ్లకు తెలుస్తుంది.

పవర్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. ఒక మిల్లీవాట్ ఎర్రకాంతి నుంచి 50 ఓమ్‌ల లోడ్‌లోకి వచ్చేది మహా అయితే కొన్ని మైక్రోవాట్లు. ఎండతో రేడియో ప్రసారం చేయాలన్నదే మీ ఉద్దేశమైతే సోలార్ ప్యానెల్‌తో ట్రాన్స్‌మిటర్ నడపడమే దారి.

ఇంట్లో మొదలుపెట్టాలంటే చిన్న సోలార్ సెల్‌ను ఆడియో యాంప్లిఫయర్‌కు కలిపి, పాత చోక్ ట్యూబ్‌లైట్ కింద పెట్టండి. 100 హెర్ట్జ్ గుయ్‌మనే శబ్దం వినిపిస్తుంది. వెలుగులోని హెచ్చుతగ్గులే సిగ్నల్ అవుతాయన్నది, అంటే సూత్రంలో సగం, అక్కడే అర్థమవుతుంది. లేజర్‌తో చేసేటప్పుడు మాత్రం పుంజం కంటి ఎత్తులో లేకుండా చూసుకోండి.