రోజూ విజయనగరం–శ్రీకాకుళం తిరగడానికి ఏడాది నడిచిన ఈవీనా, కొత్తదా?

మీరు అడిగింది ఇదీ: ఇల్లు విజయనగరంలో, ఉద్యోగం శ్రీకాకుళంలో. 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న ఎలక్ట్రిక్ కారు, 14 నెలల్లో 14 వేల కిలోమీటర్లు తిరిగింది, 12.40 లక్షలకి ఇస్తామంటున్నారు. అదే మోడల్ కొత్తది ఆన్‌రోడ్ 15 లక్షలు. ఆ 2.60 లక్షలు మిగుల్చుకోవడం తెలివైన పనేనా అని.

ఆ మోడల్‌కి మొదటి యజమానికి బ్యాటరీ మీద లైఫ్‌టైమ్ వారంటీ ఉంటే కొత్తదే తీసుకోండి. లేకపోతే పాతదే మేలు, అయితే 12.40కి మాత్రం కాదు. ఎందుకో లెక్క చూడండి.

మీకు రాను పోను రోజుకి 130 కిలోమీటర్లు. నెలకి 26 రోజులు వేసుకున్నా 3,380. చాలా ఈవీలకి బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా 1.60 లక్షల కిలోమీటర్లు, ఏది ముందయితే అది. అందరూ ఆ 8 ఏళ్లనే చూసి ధీమాగా ఉంటారు. మీ తిరుగుడుకి ఏళ్లతో పనిలేదు, కిలోమీటర్లే ముందు అయిపోతాయి. ఈ పాత కారులో మిగిలింది 1.46 లక్షలు, అంటే 43 నెలలు. ఆ తర్వాత బ్యాటరీ ప్యాక్‌కి ఏమొచ్చినా ఖర్చు మీదే, ఈ కారు మొత్తంలో అన్నిటికన్నా ఖరీదైన భాగం అదే. అమ్ముదామన్నా వారంటీ దాటిన ఈవీకి ధర బాగా తెగుతుంది.

లైఫ్‌టైమ్ వారంటీ దగ్గరే కథ మారుతుంది. టాటా నెక్సాన్ ఈవీ 45, కర్వ్ ఈవీ, హారియర్ ఈవీలకి కిలోమీటర్ల పరిమితి లేకుండా 15 ఏళ్లు ఇస్తున్నారు. కానీ సొంత పేరు మీద రిజిస్టర్ చేయించుకున్న మొదటి యజమానికే. చేయి మారగానే నెక్సాన్, కర్వ్‌లకి 8 ఏళ్లు, 1.60 లక్షలకి దిగిపోతుంది. ఎంజీ విండ్సర్‌కీ ఇదే పద్ధతి. మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈలకి రెండో యజమానికి కూడా 10 ఏళ్లు, 2 లక్షల కిలోమీటర్లు ఉంటుంది, అది కాస్త నయం. టియాగో ఈవీ లాంటి వాటికి కొత్తదైనా 1.60 లక్షలే. అప్పుడు కొత్తదానికి 47 నెలలు, పాతదానికి 43. నాలుగు నెలల కోసం 2.60 లక్షలు ఎందుకు పెట్టాలి? అందుకే ముందు వారంటీ పుస్తకం తెచ్చి "మొదటి యజమాని" అన్న మాట ఎక్కడుందో వెతకండి. సేల్స్‌మ్యాన్ నోటి మాట చాలదు.

డీలర్ డెమో కారు అని తక్కువకి చూపిస్తే ఇంకా జాగ్రత్త. మూడు వేల కిలోమీటర్లే తిరిగి ఉండొచ్చు గానీ, ఆర్‌సీలో మొదటి పేరు డీలర్‌ది. మీరు రెండో యజమానే.

ఇక ధర. బీమా వాళ్లు ఏడాది దాటి రెండేళ్ల లోపు కారుకి ఎక్స్‌షోరూమ్ ధరలో 20 శాతం తగ్గించి ఐడీవీ (బీమా లెక్కలో కారు విలువ) కడతారు. మీ కోట్‌లో ఎక్స్‌షోరూమ్ 14 లక్షలు ఉందనుకోండి, ఐడీవీ 11.20 లక్షలు. రేపు కారు పూర్తిగా పోతే చేతికొచ్చేది దాదాపు అంతే. అలాంటిదానికి 12.40 ఎందుకివ్వాలి? బేరం 11.20 దగ్గర మొదలుపెట్టండి. పైగా పాత కార్ల డీలర్ తన లాభం మీద 18 శాతం జీఎస్టీ కట్టాలి, 2025 జనవరి నుంచి ఈవీలకీ అదే రేటు. ఆ భారం ధరలోనే కలుస్తుంది. యజమాని దగ్గర నేరుగా కొంటే అది ఉండదు. పాత కారు లోన్‌కి వడ్డీ కూడా మామూలుగా ఎక్కువే. మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా మాత్రం కారుతోపాటే వస్తుంది, నో క్లెయిమ్ బోనస్ రాదు.

పాతదే తీసుకుంటానంటే, బ్యాటరీని మీ దారి మీదే పరీక్షించండి. ముందు రోజు రాత్రి స్లో చార్జింగ్‌లో 100 శాతం పెట్టి, తనంతట తాను ఆగేదాకా వదిలేయండి. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం సెల్స్ ఉన్న కారుని ఎప్పుడూ 80 దగ్గరే ఆపేస్తుంటే శాతం మీటరు తప్పు చూపిస్తుంది, నిండా పెడితే సర్దుకుంటుంది. పొద్దున్న ట్రిప్ మీటర్ సున్నా చేసి నాతవలస మీదుగా హైవే ఎక్కి శ్రీకాకుళం వెళ్లి రండి. ఏసీ వేసుకుని, 80–90 వేగంలో. కిలోమీటరుకి సగటు 150 వాట్ అవర్లు చూపిస్తే 130 కిలోమీటర్లకి 19.5 యూనిట్లు. శాతం 100 నుంచి 53కి దిగితే వాడింది 47 శాతం. 19.5ని 0.47తో భాగిస్తే 41.5 యూనిట్లు, అంటే 45లో 92 శాతం. ఏడాది కారుకి ఇది బాగున్నట్టే, ఎందుకంటే ప్యాక్‌లో కొంత భాగం వాడకానికి ఇవ్వరు. 38 కంటే తక్కువ వస్తే మాత్రం సర్వీస్ సెంటర్లో బ్యాటరీ హెల్త్ రిపోర్టు రాతపూర్వకంగా ఇచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి. తిరిగొచ్చాక ఒక డీసీ చార్జర్‌కి (బయట ఉండే ఫాస్ట్ చార్జర్) పెట్టి ఎన్ని కిలోవాట్లు తీసుకుంటోందో చూడండి. మధ్యలో తెగిపోతూ ఉంటే ఆ కారు వదిలేయండి.

కారుని లిఫ్ట్ మీదకి ఎక్కించకుండా కొనొద్దు. స్పీడ్ బ్రేకర్లకి తగిలి బ్యాటరీ ట్రేకి సొట్ట పడితే వారంటీ తిరస్కరించడానికి అదొక్కటి చాలు. భీమిలి, కళింగపట్నం వైపు సముద్రం పక్కన ఉండే కార్లకి ట్రే బోల్టులు, బ్రాకెట్లు ఉప్పుగాలికి తుప్పు పడతాయి. కార్పెట్ ఎత్తి సీటు పట్టాల కింద మట్టి, తుప్పు ఉన్నాయేమో చూడండి. ఉంటే వరద నీళ్లలో నిలబడిన కారు కావచ్చు. ప్యాక్‌లోకి నీళ్లు పోకపోయినా వైరింగ్ కనెక్టర్లు పచ్చబడి, నెలల తర్వాత ఇన్సులేషన్ ఎర్రర్ ఇస్తాయి.

కారుతో ఏమేం ఇస్తున్నారో కాగితం మీద రాయించుకోండి: రెండు తాళాలు, పోర్టబుల్ చార్జర్, గోడకి పెట్టే 7.2 కిలోవాట్ చార్జర్. కొన్ని కొత్త కార్లకి ఆ గోడ చార్జర్ ధరలోనే వస్తుంది, పాతదానికి అది పాత యజమాని గోడకే ఉండిపోతుంది. 2022లో టియాగో ఈవీకి 7.2 ఆప్షన్ కోసం 50 వేలు ఎక్కువ తీసుకున్నారు, దాన్ని బట్టి అంచనా వేసుకోండి. కారు లోపలి చార్జర్ 3.3 కిలోవాట్లదైతే గోడకి 7.2 పెట్టినా లాభం లేదు.

నిజానికి మీకు 7.2 తప్పనిసరి కాదు. రోజుకి వాడేది 20 యూనిట్ల లోపు, నష్టాలు కలిపి గోడ దగ్గర 22. 15 ఆంప్స్ ప్లగ్ గంటకి 3 యూనిట్ల దాకా ఇస్తుంది, ఏడెనిమిది గంటల్లో అయిపోతుంది. ఆ ప్లగ్‌కి మీటర్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించండి, 30 మిల్లీఆంప్స్ టైప్ ఏ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి. 7.2కి అయితే 6 చదరపు మిల్లీమీటర్ల వైరు, దూరం 20 మీటర్లు దాటితే 10. ఎర్త్ నిరోధం 5 ఓమ్స్ లోపు ఉండాలి. ఇసుక నేలల్లో వేసవికి ఎర్త్ గుంత ఎండిపోయి చార్జర్ ఎర్రలైటు వేస్తుంది, అప్పుడప్పుడు నీళ్లు పోస్తుండాలి. ఈపీడీసీఎల్ బిల్లులో నెలకి 400 యూనిట్లు దాటినవాటికి యూనిట్ 9.75 రూపాయలు పడుతుంది. మీకు కారుకే 570 అవుతాయి కాబట్టి, లోడు పెంచడానికి వెళ్లినప్పుడు ఈవీకి విడి మీటరు సంగతి కూడా అడగండి.

ఇచ్ఛాపురం, పర్లాకిమిడి వైపు ఒడిశా నంబరు కార్లు చవగ్గా దొరుకుతాయి. వాటికి ఫారం 28 ఎన్ఓసీ (అక్కడి ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం), ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్, లైఫ్ టాక్స్ ఎంతో ఆర్టీవో ఆఫీసులో కనుక్కుని, అదంతా ధరలో కలిపి చూడండి. మన రాష్ట్రం కారైతే పేరు మార్పుకి ఫారం 29, 30, పాత యజమాని లోన్ ఉంటే దాన్ని తీసేయించడానికి 35. ఆ కారు యాప్‌ని పాత యజమాని తన ఖాతా నుంచి తీసేయాలి, డబ్బు పూర్తిగా ఇచ్చే ముందే ఆ పని చేయించండి.

మీకు మధ్యే మార్గం ఇంకొకటుంది. కిందటేడు తయారై, ఎవరి పేరు మీదా రిజిస్టర్ కాకుండా డీలర్ యార్డులో మిగిలిన కారు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో వీటి మీద తగ్గింపు గట్టిగా అడగొచ్చు, పైగా మొదటి యజమాని మీరే. వీఐఎన్ (కారు గుర్తింపు నంబరు) ప్లేటు మీద తయారీ నెల, టైర్ల మీద నాలుగంకెల తేదీ చూడండి. నెలల తరబడి నిలబడిన కారుకి 12 వోల్టుల చిన్న బ్యాటరీ డీలాపడుతుంది, అది పడిపోతే పెద్ద బ్యాటరీ నిండా ఉన్నా కారు కదలదు. రిజిస్ట్రేషన్‌కి ముందే దాన్ని మార్పించుకోండి.