‘స్పాన్సర్‌షిప్ కావాలా?’ అన్న ప్రశ్నకు ఏమని జవాబివ్వాలి?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్ చివరి సెమిస్టరులో ఉంది. దరఖాస్తులో ‘స్పాన్సర్‌షిప్ కావాలా?’ (అంటే వీసా కోసం యజమాని దరఖాస్తు చేయాలా) అన్న చోట ‘అవును’ అని పెడితే వెంటనే తిరస్కరిస్తున్నారు. ముందు స్థానికులనే తీసుకోవాలని అక్కడి చట్టం చెబుతోందా? ఓపీటీ (చదువయ్యాక విద్యార్థి వీసాపైనే పని చేసే తాత్కాలిక అనుమతి) ఉంది కాబట్టి ‘కాదు’ అని పెట్టమని స్నేహితులు సలహా ఇస్తున్నారు. అలా పెట్టవచ్చా?

జవాబు: స్థానిక అభ్యర్థి దొరకలేదని చూపించిన తర్వాతే విదేశీయులను తీసుకోవాలన్న నియమం అమెరికాలో ఉంది గానీ, అది మీరనుకుంటున్న దశలో వర్తించదు. హెచ్‌-1బీ (ఉద్యోగ వీసా) దశలో యజమాని కార్మిక శాఖకు ఇచ్చే హామీ ప్రధానంగా జీతానికి సంబంధించినది: అదే పనికి తన సంస్థలో ఇస్తున్న జీతం, ఆ ప్రాంతంలో నడుస్తున్న జీతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది చెల్లించాలి. హెచ్‌-1బీ ఉద్యోగుల వాటా ఎక్కువగా ఉన్న సంస్థలు, ఉద్దేశపూర్వకంగా నియమాలు ఉల్లంఘించిన సంస్థలు మాత్రమే ముందుగా స్థానికుల కోసం ప్రయత్నించామని చెప్పాలి. సంబంధిత రంగంలో మాస్టర్స్ డిగ్రీ ఉన్నవారి విషయంలో వాటికి కూడా ఆ షరతు నుంచి మినహాయింపు ఉంది.

అసలు పరీక్ష గ్రీన్‌కార్డుకు ముందు కార్మిక శాఖ ధ్రువీకరణ కోసం జరిగే ‘పర్మ్’ ప్రక్రియలో వస్తుంది. యజమాని రెండు ఆదివారాలు పత్రికా ప్రకటనలు ఇచ్చి, రాష్ట్ర ఉపాధి సంస్థలో 30 రోజులు ఆ ఉద్యోగాన్ని నమోదు చేసి ఉంచాలి. అర్హత, సంసిద్ధత ఉన్న స్థానికుడు ముందుకొస్తే ఆ దరఖాస్తు అక్కడితో ఆగిపోతుంది. కుర్చీలో అప్పటికే ఒక విదేశీ ఉద్యోగి కూర్చుని ఉండగా అదే కుర్చీకి ప్రకటన ఇవ్వడమేమిటని స్థానికులు అడగడంలో న్యాయం లేకపోలేదు. ఇలాంటి నియామకాల్లో అమెరికన్ల దరఖాస్తులకు అడ్డంకులు పెట్టారన్న ఆరోపణలపై న్యాయశాఖతో ఫేస్‌బుక్ 2021లో గరిష్ఠంగా 1.425 కోట్ల డాలర్లకు, ఆపిల్ 2023లో 2.5 కోట్ల డాలర్ల వరకు చెల్లించడానికి రాజీ కుదుర్చుకున్నాయి.

మీ అమ్మాయికి ఎదురవుతున్న తిరస్కరణకు కారణం వేరు. పౌరసత్వాన్ని బట్టి వివక్ష చూపరాదన్న చట్టం అక్కడి పౌరులకు, గ్రీన్‌కార్డుదారులకు, శరణార్థులకు రక్షణ ఇస్తుంది; విద్యార్థి వీసాపై ఉన్నవారు దాని పరిధిలోకి రారు. కాబట్టి స్పాన్సర్ చేయబోమని చెప్పడం చట్టవిరుద్ధం కాదు. ఏడాదికి 65,000, అమెరికా మాస్టర్స్ వారికి మరో 20,000గా ఉన్న హెచ్‌-1బీ పరిమితిలో ఎంపికవుతారో లేదో తెలియని వ్యక్తి కోసం డబ్బు, సమయం పెట్టడానికి చిన్న సంస్థలు వెనకాడతాయి. 2025 సెప్టెంబరులో వచ్చిన లక్ష డాలర్ల హెచ్‌-1బీ రుసుము దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త పిటిషన్లకు ఉద్దేశించినది. అక్కడే ఉండి విద్యార్థి హోదా నుంచి మారేవారికి అది వర్తించదని అధికారులు వివరణ ఇచ్చారు. అందువల్ల ఉద్యోగం తేలకముందే ఇంటికి తిరిగొచ్చే ఆలోచన ఉంటే మరోసారి బాగా ఆలోచించుకోమనండి.

ఇక జవాబు సంగతి. ‘కాదు’ అని పెట్టవద్దు. సాధారణంగా ఆ ప్రశ్న ‘ఇప్పుడు గానీ, భవిష్యత్తులో గానీ’ అని ఉంటుంది; 12 నెలల ఓపీటీ, ఆపైన స్టెమ్ (శాస్త్ర, సాంకేతిక, ఇంజనీరింగ్, గణిత రంగాల) పొడిగింపు 24 నెలలు ముగిశాక ఆమెకు స్పాన్సర్‌షిప్ కావలసిందే. అబద్ధం చెప్పి చేరితే, తర్వాత పిటిషన్ వేయమని అడగవలసింది ఆ యజమానినే కదా! ‘పని చేయడానికి అనుమతి ఉందా?’ అని విడిగా అడిగిన చోట, ఓపీటీ మంజూరైతే, నిస్సంకోచంగా ‘ఉంది’ అనవచ్చు. మానవ వనరుల విభాగం వారితో మాట్లాడే అవకాశం వస్తే, మొత్తం మూడేళ్లు హెచ్‌-1బీ లేకుండానే పని చేయగలనని, స్టెమ్ పొడిగింపుకు సంస్థ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) నమోదై ఉండి శిక్షణ ప్రణాళికపై సంతకం చేస్తే చాలని ఆమే ముందుగా చెప్పడం మంచిది. చాలామంది నియామకాధికారులకు ఈ వివరం తెలియదు.

వందల దరఖాస్తులు గుడ్డిగా పంపడం కన్నా, ఏ సంస్థ ఏ ఉద్యోగానికి ఎంత జీతంతో వీసా పత్రాలు వేసిందో చూపే వివరాలను కార్మిక శాఖ తన వెబ్‌సైట్‌లో బహిరంగంగా ఉంచుతుంది, వాటిని వడపోసి జాబితా తయారు చేసుకోమనండి. విశ్వవిద్యాలయాలు, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలు ఆ వార్షిక పరిమితి కిందికి రావు గనుక, జీతం కొంత తక్కువైనా వాటిని ఆ జాబితాలో పైన ఉంచడం మేలు.