పరీక్షలతో డిగ్రీ పూర్తిచేయాలనుకుంటున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

గుంటూరులో బి.కాం. రెండో సంవత్సరంతో ఆగిపోయిన చదువును డల్లాస్‌లో ఇంటిపట్టున ఉంటూనే, పరీక్షలు రాసి క్రెడిట్లు (పట్టాకు లెక్కకట్టే చదువు యూనిట్లు) సంపాదించి పూర్తిచేయాలని ఉందని, మొదట ఏ పరీక్ష రాయాలో చెప్పమని అడిగావు. ఇప్పుడే ఏ పరీక్షా రాయవద్దు. నీకు పట్టా ఇవ్వబోయే కళాశాల ఏదో ముందు తేల్చుకుని, దాని కోర్సులూ నియమాలూ ఉండే కేటలాగు చదివి, పట్టాకు కావలసిన 120 క్రెడిట్లలో ఏ గడిలో ఏది కూర్చోవాలో కాగితం మీద వేసుకున్న తరువాతే రుసుము కట్టు. నేను ఈ పనిని తలకిందులుగా చేసి నష్టపోయాను గనుకనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

తరగతులకు వెళ్లకుండానే క్రెడిట్లు సంపాదించే క్లెప్ పరీక్షలను కాలేజ్ బోర్డు అనే సంస్థ 1967 నుంచి నడుపుతోంది. మొత్తం 34 విషయాలున్నాయి. పరీక్ష సుమారు గంటన్నర, మార్కులు 20 నుంచి 80 వరకు. చాలా విషయాల్లో 50 వస్తే క్రెడిట్ ఇవ్వవచ్చునని అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ సిఫారసు చేస్తుంది. అది సిఫారసు మాత్రమే. దాన్ని పాటించాలో వద్దో, ఎన్ని క్రెడిట్ల వరకు ఒప్పుకోవాలో ప్రతి కళాశాలా తన ఇష్టప్రకారం నిర్ణయించుకుంటుంది. అందుకే ఒకచోట చెల్లిన పరీక్ష మరొకచోట చెల్లకపోవచ్చు. ఉద్యోగాల్లోనూ సంసారాల్లోనూ ఉన్న పెద్దవాళ్ల కోసమే 1970ల మొదట్లో పుట్టిన మూడు సంస్థలు మాత్రం పరీక్షల క్రెడిట్ల విషయంలో చాలా ఉదారంగా ఉంటాయి: న్యూయార్క్‌లోని ఎక్సెల్సియర్, న్యూజెర్సీలోని థామస్ ఎడిసన్ స్టేట్, కనెక్టికట్‌లోని చార్టర్ ఓక్. నీవు టెక్సస్‌లో ఉన్నా వీటిలో చేరవచ్చు. అయితే అక్కడ కూడా అన్నీ పరీక్షలతోనే గట్టెక్కవు. డిగ్రీ చివరన చదివినదంతా కలిపి చేసే క్యాప్‌స్టోన్ వంటి కోర్సులను వారి దగ్గరే చదవాలి.

ఇక నా కథ. మొదట కాలేజ్ మ్యాథమెటిక్స్ రాశాను, ప్యాసయ్యాను. ఆ ఊపులో కాలేజ్ ఆల్జీబ్రా, దాని వెంట బయాలజీ, ఆపైన నేచురల్ సైన్సెస్ కూడా రాసేశాను. తీరా చేరేసరికి లెక్కలకు ఉన్నది ఒకే గడి, విజ్ఞానశాస్త్రానికి ఉన్నదీ ఒకటే. మిగిలినవి ఎలక్టివ్‌లలోకి, అంటే మన ఇష్టం వచ్చిన సబ్జెక్టుల గడుల్లోకి వెళ్లాలి, కానీ ఇండియాలో నేను చదివిన సబ్జెక్టులతో ఆ గడులు అప్పటికే నిండిపోయాయి. అటక మీద పెట్టిన ఇత్తడి బిందెల్లా ఆ మార్కులు ఇప్పటికీ అలా పడి ఉన్నాయి, చూసుకుని మురిసిపోవడానికి తప్ప ఎందుకూ పనికిరావు. పైగా, నేను చేరాలనుకున్న తొలి కళాశాలలో ఒకావిడ ఫోనులో "పరవాలేదు, తీసుకుంటాం" అన్న మాట నమ్మాను. చేరే సమయానికి ఆ మాట ఎవరికీ గుర్తు లేదు. నీవు మాత్రం ప్రతి సమాధానాన్నీ ఈమెయిలులో రాబట్టుకుని దాచుకో.

అసలు ఇరుకు ఎక్కడ వస్తుందంటే పైస్థాయి క్రెడిట్ల దగ్గర. క్లెప్ పరీక్షలు దాదాపుగా డిగ్రీ మొదటి రెండేళ్ల స్థాయికి చెందినవి. మేనేజ్‌మెంట్, మార్కెటింగ్, బిజినెస్ లా వంటివి వాటితో గడిచిపోతాయి, కానీ మూడు, నాలుగో సంవత్సరాల స్థాయి విషయాలకు క్లెప్ లాంటివే అయిన డి.ఎస్.ఎస్.టి. పరీక్షల్లో కొన్ని, థామస్ ఎడిసన్ వారు సొంతంగా పెట్టే టీసెప్ పరీక్షల్లో కొన్ని, అవీ దొరకకపోతే ఆన్‌లైన్ కోర్సులే దిక్కు. కాబట్టి ప్రణాళికను చివరి సంవత్సరం నుంచి వెనక్కి వేసుకుంటూ రా. తేలిక పరీక్షలు ఎక్కడికీ పోవు.

గుంటూరు చదువును వదులుకోకు. విదేశీ చదువును ఇక్కడి క్రెడిట్లలోకి లెక్కకట్టే మదింపు సంస్థల్లో కళాశాల ఎవరి నివేదికను ఒప్పుకుంటుందో అడిగి, ఒక్కొక్క సబ్జెక్టునూ విడివిడిగా లెక్కకట్టే నివేదికే తెప్పించు. మొత్తం చదువును ఒక్క వాక్యంలో తేల్చేసేది చౌక, కానీ క్రెడిట్లకు పనికిరాదు. నీ బి.కాం.లోని అకౌంటింగ్, ఎకనామిక్స్ ఇక్కడ చెల్లితే, అవే విషయాల్లో క్లెప్ రాయడం దండగ, ఎందుకంటే ఒకే విషయానికి రెండుసార్లు క్రెడిట్ ఇవ్వరు. బిజినెస్ లా సంగతి వేరు. నీవు చదివినది 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం, ఇక్కడ అడిగేది అమెరికా చట్టం; దాన్ని ఏమని లెక్కిస్తారో నివేదిక వచ్చేదాకా ఆగు.

పేరు దగ్గర మన తెలుగువాళ్లం పడే అవస్థ నీకు తెలిసిందే. మార్కుల జాబితాలో ఇంటిపేరు ఒక పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి పేరు, పెళ్లయ్యాక మరో ఇంటిపేరు. పరీక్ష రోజున చూపే గుర్తింపు కార్డులోని పేరూ, నమోదులోని పేరూ ఒక్కటిగా ఉండాలి. ఇది ఇప్పుడే సరిచూసుకో.

చదవడానికి మోడర్న్ స్టేట్స్ అనే సంస్థ ఉచితంగా పాఠాలు పెట్టింది. పాఠం పూర్తిచేసినవారికి క్లెప్ రుసుము వోచరు కూడా ఇస్తుంది. పరీక్ష తప్పితే దాన్నే మళ్లీ రాయడానికి మూడు నెలలు ఆగాలి, కనుక నమూనా పరీక్షలో ధీమా వచ్చాకే తేదీ తీసుకో. అమెరికా చరిత్ర మాత్రం మనకు కొత్త. ఆల్జీబ్రాలాగా కొద్ది వారాల్లో పట్టుబడలేదు నాకు.

మరొక్క సంగతి. ఈ పరీక్షలతో క్రెడిట్ వస్తుంది గానీ, మామూలుగా గ్రేడ్ల సగటైన జి.పి.ఏ.లో కలవదు. రేపు ఎం.బి.ఏ.కు వెళ్లాలనుకుంటే, కళాశాల దగ్గర చదివిన ఆ కొద్ది కోర్సుల గ్రేడ్లే నీ జి.పి.ఏ. అవుతాయి, వాటిని తేలిగ్గా తీసుకోకు. సి.పి.ఏ. (మన సి.ఏ. లాంటి అకౌంటెంటు లైసెన్సు) ఆలోచన ఉంటే అకౌంటింగ్ క్రెడిట్లను ఏ రూపంలో ఒప్పుకుంటారో ఆ లైసెన్సు ఇచ్చే టెక్సస్ బోర్డును ముందే అడుగు. ఉద్యోగి కుటుంబానికిచ్చే హెచ్4 వీసా మీద చదువుకోవడానికి ఆటంకం లేదు. విద్యార్థి వీసా ఎఫ్1కు మారితే మాత్రం పూర్తికాలం కోర్సుల్లో నమోదై ఉండాలి, పరీక్షలు అందుకు లెక్కలోకి రావు.

ముందుగా మీ నాన్నగారిని యూనివర్సిటీకి పంపి, సీలు వేసిన కవర్లలో ట్రాన్స్‌క్రిప్టులు (యూనివర్సిటీ ఇచ్చే అధికారిక మార్కుల పత్రాలు) కనీసం రెండు జతలు తీయించమను. అవి రావడానికే అన్నిటికన్నా ఎక్కువ రోజులు పడుతుంది. ఈలోగా నీవు గడుల కాగితం వేసి పంపితే, ఆదివారం మనమిద్దరం ఫోనులో కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ